ఈ ఎండాకాలం కార్పొరేషన్‌తో కలిసి మా కాలనీలో ఏ పని ముందు పెట్టుకోవాలి? (కర్నూలు)

హంద్రీ_ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది కర్నూలులో కల్లూరు వైపు ఒక కాలనీ. ఆడవాళ్లం కొందరం, కాలేజీ పిల్లలు, రిటైరైన పెద్దవాళ్లు ఒకరిద్దరు కలిసి పని చేస్తుంటాం. రిజిస్ట్రేషన్ లేదు, బ్యానర్ లేదు. పోయిన ఆగస్టులో కార్పొరేషన్ వాళ్లు 250 మొక్కలిచ్చి, గుంతలు తీయించారు. నాటింది, ముళ్లకంప కట్టింది మేము. సంక్రాంతికి చూస్తే ఎక్కువ భాగం పచ్చగానే ఉన్నాయి. అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది.

మొన్న వార్డు సచివాలయంలో శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ కార్యదర్శి పిలిచి, "ఎండాకాలానికి మీరేం చేస్తారు, మేమేం చేయాలి, కాగితం మీద రాసుకొని రండి, పైన పెడతాను" అంది. మాకు ప్రాణం లేచొచ్చింది. కానీ కూర్చుంటే తలా ఒక మాట. ఒకరు చెట్లు అంటారు, ఒకరు చెత్త, ఒకరు హంద్రీ నది, ఇంకొకరు ఇంటింటికీ సోలార్. కాలనీ చివర రేకుల ఇండ్లున్నాయి. ఏప్రిల్ దాటితే పగలు వాటిలో మనిషి ఉండలేడు. బాలింతలు కూడా పసిబిడ్డలను ఎత్తుకొని గుడి మండపంలోకి వస్తారు. నా మనసు అటే లాగుతోంది.

పని చేసి చూసినవాళ్లు చెప్పండి. దేనితో మొదలుపెట్టాలి? కాగితంలో ఏం రాయాలి?

కానుగ_నీడ:
అక్కా, నాది అనంతపురం. కొత్త పని ఏదైనా సరే, ముందు ఆ 250 మొక్కల సంగతి తేల్చుకోండి. మన సీమలో నాటిన మొక్క బతికేదీ చచ్చేదీ మొదటి ఎండాకాలంలోనే. నాటేరోజు ఫొటోకు వచ్చినవాళ్లు మార్చిలో బిందె పట్టుకొని రారు. నేను మునుపు ఉన్న ఒక పట్టణంలో రోడ్డు పొడవునా నాటిన మొక్కలు మేకల పాలు కొన్ని, ఎండ పాలు కొన్ని అయిపోయాయి. నీళ్లు మీరు పోస్తారని ఆఫీసు అనుకుంది, ఆఫీసు పోస్తుందని జనం అనుకున్నారు. మరుసటి ఏడు అవే గుంతల్లో మళ్లీ నాటారు.

మీది నల్లరేగడి అయితే మార్చికల్లా నేల బీటలు తీస్తుంది. ఆ బీటల్లోంచి వేడి గాలి పోయి వేళ్లు ఎండుతాయి. పైపైన రోజూ చెంబెడు పోసినందువల్ల లాభం లేదు, వేరు పైకే వస్తుంది. మూడు నాలుగు రోజులకొకసారి, మొక్కకు ఇరవై లీటర్లు, నిదానంగా ఇంకేటట్టు పోయాలి. పాదు చుట్టూ ఎండుటాకు జానెడు మందం పరచండి, మొదలుకు మాత్రం తగలనీయొద్దు. మట్టికుండ అడుగున సన్న చిల్లు పెట్టి, వత్తి దూర్చి, మెడ వరకు పాతిపెట్టినా బాగుంటుంది. కుండకు మూత పెట్టడం మరవొద్దు, లేదంటే దోమలు.

ఏం మొక్కలిచ్చారో చెప్పండి.

హంద్రీ_ఒడ్డు:
వేప, కానుగ ఎక్కువ. నేరేడు, రావి కొన్ని. కోనోకార్పస్ ఇస్తామన్నారు, మేమే వద్దన్నాం.

కానుగ_నీడ:
మంచి పని చేశారు. అది చూసేకి పచ్చగా ఉంటుంది గానీ వేళ్లు పైపుల్లోకి, కాలువల్లోకి దూరతాయి. గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దని ఉత్తర్వే ఇచ్చింది. వేప, కానుగ మన నేల బిడ్డలు. ఈ రెండేండ్లు నిలబెట్టండి, తర్వాత అవే మీకు నీడ పట్టుకొని నిలబడతాయి.

లెక్కల_సార్:
నీళ్ల లెక్క ఒకసారి వేసుకుందాం. 250 మొక్కలు, ఇరవై లీటర్ల చొప్పున, మొత్తం 5,000 లీటర్లు. అంటే ఒక తడికి ఒక ట్యాంకర్. వారానికి రెండు తడులు, ఫిబ్రవరి మొదలు జూన్ నడిమి దాకా సుమారు పందొమ్మిది వారాలు. అంటే నలభైకి కాస్త తక్కువ ట్యాంకర్లు. బిందెలతో మోసే లెక్క కాదిది. మీ కాగితంలో "నీటి సౌకర్యం కల్పించగలరు" అని రాస్తే ఎవరూ కదలరు. ఫలానా రోడ్డుకు మంగళ, శుక్రవారాల్లో తెల్లారి ఒక ట్యాంకర్ అని రాయండి.

పాతబస్తీ_భాయ్:
మా గల్లీలో వాటర్ ప్లాంట్ ఉంది. అది వదిలే నీళ్లు రోజూ మోరీలోకే పోతాయి. అవి తెచ్చి మొక్కలకు పోయొచ్చు కదా?

కానుగ_నీడ:
వద్దు భాయ్. ఉప్పంతా ఆ వదిలే నీళ్లలోనే చేరుతుంది. నల్లరేగడిలో అది దిగిపోదు, పేరుకుంటుంది, నేల చవుడు పడుతుంది. బండలు కడిగేకి, బండ్లు కడిగేకి వాడండి. బట్టలుతికిన సబ్బునీళ్లూ లేతమొక్కకు వద్దు. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు మటుకు అమృతమే.

రిటైర్డ్_ఏఈ:
అమ్మా, నేను మునిసిపాలిటీల్లోనే ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, వేరే జిల్లాలో. ఆఫీసు లోపలి సంగతి కొంత చెబుతాను.

మొదటిది. ఇది మీకు వాళ్లు చేసే ఉపకారం కాదు. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూల్‌లో పట్టణ వనాలు, పర్యావరణ రక్షణ పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులుగా రాసి ఉన్నాయి. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్నచోట వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతుంది. కర్నూలు జనాభా 2011 లెక్కలకే నాలుగు లక్షలు దాటింది. కాబట్టి మర్యాదగానే అడగండి, కానీ భయపడుతూ అడగొద్దు.

రెండోది డబ్బు. కేంద్రం 2019 జనవరిలో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఆంధ్రలో 13 పట్టణాలున్నాయి. కర్నూలు, అనంతపురం, కడప మూడూ అందులో ఉన్నాయి. దుమ్ము తగ్గించే పనులు, పచ్చదనం ఆ పద్దు కిందకు వస్తాయి. మీ రోడ్డు మొక్కలకు నీళ్లు ఆ పద్దులో పెట్టే వీలుందా అని ఇంజనీరింగ్ విభాగంలో నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా అడగండి. వచ్చే ఏడాది బడ్జెట్ అంచనాలు తయారయ్యేది ఈ రోజుల్లోనే. మార్చి దాటాక ఎంత మంచి అధికారి అయినా "పద్దు లేదమ్మా" అనే చెప్పాలి. వారం లోపల మీ కాగితం వాళ్ల టేబుల్ మీద ఉండాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. మీ పని, వాళ్ల పని కలగలిపి రాయొద్దు. ట్యాంకర్, కూలి, సామాను, పర్మిషన్ వాళ్లవి. చూడడం, లెక్కపెట్టడం, ఇంటింటికీ చెప్పడం, ఎక్కడ ఆగిందో అదే రోజు తెలియజేయడం మీవి. అధికారులు బదిలీ అయిపోతారు, కార్యదర్శులు మారతారు. మీ రిజిస్టర్ మటుకు మారకూడదు. ఏ మొక్క ఏ గడప ముందు ఉంది, తడి ఏ తారీకున పడింది, రాసి పెట్టుకోండి. కొత్తగా వచ్చిన ఆఫీసరు ముందు ఆ పుస్తకం తెరిస్తే చాలు, మాట్లాడే పనిలేదు.

చెత్తబండి_యూనియన్:
ఏఈ సార్ చివర చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా నాయన, నేను పారిశుధ్య పనిలోనే ఉన్నాం. ఒక మాట మనసులో ఉంచుకోలేక రాస్తున్నా. స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు చీపుర్లు పట్టి ఊడిస్తే ఊరికి బాగుంటుంది గానీ, పైన కూర్చున్నవాళ్లకు "జనమే చేసుకుంటున్నారు కదా, ఇంతమంది కార్మికులు ఎందుకు" అనే ఆలోచన వస్తుంది. మా కడుపు మీదికి వచ్చేది అక్కడే. మీరు ఊడవొద్దు. తడి, పొడి వేరుచేసి ఇమ్మని ఇంటింటికీ చెప్పండి. 2016 నాటి చెత్త నిబంధనల్లోనే రాశారు, తడి, పొడి, ప్రమాదకరమైనవి వేరుగా ఇవ్వాలని. మేం చెబితే "నీకెందుకు, తీసుకొని పో" అంటారు. పక్కింటి అక్క చెబితే వింటారు.

ఇంకోటి. ఎండాకాలం మా వాళ్లకు తాగేకి నీళ్లు ఎక్కడా దొరకవు. గడప దగ్గర అడిగితే కొందరు గ్లాసు కూడా ఇయ్యరు. మీ కాలనీలో బండి ఆగేచోట నీళ్ల కుండ, నాలుగు అడుగుల నీడ పెట్టించండి. మీరు చేసే వాతావరణ పనిలో మమ్మల్ని కూడా మనుషులుగా లెక్కపెట్టండి.

హంద్రీ_ఒడ్డు:
తమ్ముడూ, అది కాగితంలో తప్పకుండా రాస్తాం. నీళ్ల కుండ కోసం కార్పొరేషన్‌ను అడగము, అది మేమే పెడతాం. ఊడ్చే పని మేం పెట్టుకోం.

మిద్దె_తోట:
అందరూ చెట్లు, ఎండ అంటున్నారు. తడిచెత్తను చిన్నచూపు చూడొద్దని నా మనవి. అన్నం, కూరగాయల తొక్కలు గుట్టలో పడి గాలి తగలక కుళ్లితే మీథేన్ పుడుతుంది. నూరేండ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 28 రెట్లు వేడెక్కిస్తుంది, ఇరవై ఏండ్ల లెక్క తీస్తే 80 రెట్లు దాటుతుంది. అదే చెత్తను ఇంటి వెనక డ్రమ్ములో గాలి ఆడేటట్టు వేసి, పిడికెడు ఎండుటాకు, కాస్త పుల్లమజ్జిగ చల్లుతూ పోతే రెండు మూడు నెలలకు నల్లటి ఎరువు. నేను మిద్దె మీద టమోటా, గోంగూర దాంతోనే పండిస్తున్నా. ఇది లేకుండా పర్యావరణం అనడం నాకు నచ్చదు.

కానుగ_నీడ:
కాదనను. కానీ ఈ ఎండాకాలానికి వాళ్లకు చేతనైనంతే పెట్టుకోవాలి. మీ మాటలో ఒక ముక్క ఇప్పుడే పనికొస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో వేప ఆకు రాలుతుంది. వీధి మలుపుల్లో కుప్పపోసి అగ్గి పెడతారు. 2016 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని చెప్పింది, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000. జరిమానా సంగతి అటుంచండి. ఆ ఆకే పాదుల్లో పరిస్తే పొగ ఉండదు, బండి బరువు తగ్గుతుంది, తడి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. ఊడ్చేవాళ్లు ఆకు వేరుగా గోతాల్లో కడితే, పరిచే పని అక్కవాళ్లది.

చెత్తబండి_యూనియన్:
గోతాలు ఇప్పిస్తే ఎవరూ కాదనరు. ఆకు బండికెత్తడం కన్నా మాకదే సులువు.

ఏఎన్ఎం_అక్క:
నేను ఆరోగ్య శాఖలో క్షేత్రస్థాయిలో పనిచేస్తాను. హంద్రీ_ఒడ్డు గారు మొదట్లో రేకుల ఇండ్ల గురించి రాశారు, ఇంతవరకు ఎవరూ దాన్ని పట్టుకోలేదు. నన్నడిగితే మొదటి పని అదే.

2015 మే వడగాలుల్లో ఆంధ్రలో 1,300 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లు ఎక్కువగా ఎవరంటే, ఎండలో కూలికి పోయినవాళ్లు, వేడి ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు. అహ్మదాబాద్‌లో 2010 మేలో అట్లాగే మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువ నమోదయ్యాయి. ఆ తర్వాత 2013లో అక్కడి కార్పొరేషన్ వడగాలుల ప్రణాళిక తెచ్చింది. ముందుగా హెచ్చరిక పంపడం, ఆసుపత్రులను సిద్ధం చేయడం, నీళ్ల కేంద్రాలు పెట్టడం, ఆ తర్వాత పేదల ఇంటి కప్పులకు తెల్లపూత. తెలంగాణ కూడా 2023లో చల్లటి కప్పుల విధానం తెచ్చింది. మన దగ్గర పెద్దలకు ఇది తెలియనిదేమీ కాదు. కప్పు మీద చౌడుమట్టి పరిచిన పాత మిద్దెలు ఊరికే చల్లగా ఉండేవా?

రేకు మీద తెల్లపూత వేస్తే ఇంటి లోపల రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గుతుంది. 43 డిగ్రీల రోజున ఆ రెండు డిగ్రీలే ముసలామెను నిలబెడతాయి. చెట్టు నీడ రావడానికి ఏండ్లు పడుతుంది, సున్నం మరుసటి రోజే పనిచేస్తుంది.

ఇంకొకటి చేయండి. మీ పిల్లల చేత ఒక జాబితా రాయించండి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, గర్భిణులు, బాలింతలు, బీపీ, షుగర్, గుండె మందులు వాడేవాళ్లు. ఆరెంజ్, రెడ్ అలర్ట్ వచ్చిన రోజు మధ్యాహ్నం ఒక్కో పిల్లవాడు నాలుగిళ్ల తలుపు తట్టాలి. మనిషి తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా, తూలిపడినా నీడకు చేర్చి, తడిగుడ్డ మెడకు, చంకలకు పెట్టి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్లకు నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ జాబితా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. మీ దగ్గర ఒకటి, మీ ఏఎన్ఎం దగ్గర ఒకటి ఉంటే చాలు.

పాతబస్తీ_భాయ్:
సున్నం పని నాకు తెలుసు, మా ఇంట్లో తరతరాలుగా అదే. రాతిసున్నం తెచ్చి డ్రమ్ములో ముందురోజే నీళ్లలో వేయండి. బుడగలు కక్కుతూ ఉడుకుతుంది, ఆ వేడికి ప్లాస్టిక్ బకెట్ మెత్తబడిపోతుంది, కాబట్టి ఇనప డ్రమ్మే వాడాలి. పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు, కంట్లో చుక్క పడితే చూపు పోతుంది. పడితే వెంటనే చాలాసేపు మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి పోవాలి. చల్లారాక పల్చటి గుడ్డలో వడగట్టి, ఫెవికాల్ కలిపి, పొద్దు ఎక్కకముందే మొదటి పూత. అది ఆరినాక అడ్డంగా రెండో పూత. ఎర్రటి ఎండలో వేస్తే పెచ్చులు లేస్తుంది. వానాకాలానికి కొంత కడుక్కుపోతుంది, మళ్లీ వచ్చే ఏడు వేసుకోవాల్సిందే.

సిమెంటు రేకు ఎక్కేటప్పుడు జాగ్రత్త. పాత రేకు మనిషి బరువు ఆపదు. రేకు మీద కాలు పెట్టొద్దు. కింద దూలం ఎక్కడుందో చూసుకొని, దాని మీదుగా రెండు చెక్కపలకలు అడ్డంగా వేసి, పలక మీద కూర్చొని పూయాలి. పలక జరుపుకుంటూ పోవాలి. పాత సిమెంటు రేకును గీకొద్దు, బ్రష్షుతో రుద్దొద్దు, ఆ దుమ్ము ఊపిరికి చేటు. తడిగుడ్డతో తుడిచి పూయండి. కాలేజీ పిల్లలను పైకి ఎక్కించొద్దు. కింద బకెట్లు అందించమనండి.

రిటైర్డ్_ఏఈ:
భాయ్ చెప్పినట్టే. పైకెక్కే పనికి కూలి ఇచ్చి మేస్త్రీలను పెట్టమని కార్పొరేషన్‌ను అడగండి. ప్రమాదం జరిగితే స్వచ్ఛందంగా వచ్చిన పిల్లవాడికి బీమా ఉండదు.

కడప_బుగ్గవంక:
ఎండ సంగతి సరే, వానను మరవొద్దు. 2020 నవంబర్‌లో నివర్ తుపానుకు మా కడపలో బుగ్గవంక పొంగి వీధులు మునిగాయి. కర్నూలువాళ్లకు 2009 అక్టోబర్ 2 వరద నేను గుర్తుచేయక్కరలేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసేచోట ఉన్న ఊరు మీది. మే నెలాఖరుకు మీ వీధి కాలువల పూడిక తీసిందీ లేనిదీ చూసి, తీయని చోట ఫొటోతో ఇవ్వండి. తీసిన పూడికను గట్టునే వదిలేస్తే తొలి వానకే మళ్లీ లోపలికి పోతుంది.

లెక్కల_సార్:
వాన అంటే ఇంకో లెక్క. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడితే 60,000 లీటర్లు. పోయింది పోగా 48,000 ఇంకుడు గుంతలోకి దిగినా తక్కువేం కాదు. కానీ ఇది వచ్చే విడతకు.

మిద్దె_తోట:
సోలార్ ఎవరో అడిగారు కదా. కేంద్ర పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 దాకా సబ్సిడీ ఉంది, సొంత మిద్దె ఉన్నవాళ్లు ఎవరికి వాళ్లు పెట్టుకోవచ్చు. దానికి గుంపు అక్కర్లేదు.

హంద్రీ_ఒడ్డు:
అందరికీ దండాలు. రాత్రి మా వాళ్లతో కూర్చుని మీరు రాసిందంతా చదివి వినిపించాను. పెద్దాయన ఒకరు "ఇన్నాళ్లూ మనం కార్పొరేషన్ పని మన నెత్తిన వేసుకొని, మన పని వదిలేశాం" అన్నారు. అర్జీ ఇట్లా రాశాం, చూడండి.

"కమిషనర్ గారికి, మా కాలనీవాసుల నమస్కారములు. ఈ ఎండాకాలం మీరు, మేము కలిసి చేయదలచిన పనులు. కాలనీ చివరి రేకుల ఇండ్లకు ఫిబ్రవరి నెలాఖరులోగా సున్నపు పూత: సున్నం, పలకలు, మేస్త్రీల కూలి కార్పొరేషన్‌వి, ఇంటివాళ్ల ఒప్పుదల, ఇండ్ల జాబితా, పని జరిగేరోజు సామాన్లు సర్దడం మావి. నాటిన 250 మొక్కలకు మంగళ, శుక్రవారాలు తెల్లారి ఒక్కో ట్యాంకర్, జూన్‌లో పదును వానలు పడేదాకా: ట్యాంకర్ మీది, పాదులు చేయడం, ఆకు పరచడం, తడి రిజిస్టర్ మావి. రాలిన ఆకుకు గోతాలు మీవి, కాల్చకుండా చూసే బాధ్యత మాది. కార్మికులకు నీడ పందిరి మీది, నీళ్ల కుండ మాది. వడగాలుల రోజుల్లో ఒంటరి వృద్ధులను చూసుకోవడం మాది, ఏఎన్ఎం గారి ద్వారా ఓఆర్ఎస్ ప్యాకెట్లు ముందుగా అందించడం మీది. మే నెలాఖరుకు కాలువల పూడిక మీది, మిగిలిన చోట్లు చూపించడం మాది. ప్రతి నెలా మొదటి శనివారం సచివాలయంలో అరగంట కూర్చుని రిజిస్టర్ చూసుకుందాం."

రిటైర్డ్_ఏఈ:
బాగుందమ్మా. రెండు చేర్పులు. ట్యాంకర్ రాని రోజు ఎవరికి ఫోన్ చేయాలో, పేరు కాదు, హోదా రాయించుకోండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తారీకు వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే అర్జీకి నంబర్ వస్తుంది, కార్యదర్శికి కూడా పైన చెప్పుకోవడానికి ఆసరా అవుతుంది. ఆమెకు ముందు చూపించి వెళ్లండి, ఆమెను దాటి వెళ్లినట్టు ఉండకూడదు.

చెత్తబండి_యూనియన్:
నీడ పందిరి బండి ఆగేచోట అని రాయండి అక్కా. లేదంటే ఆఫీసు ముందు వేస్తారు.

పాతబస్తీ_భాయ్:
సున్నం కలిపేరోజు నాకు చెప్పండి, వస్తా. డ్రమ్ము నాది ఉంది.

హంద్రీ_ఒడ్డు:
మూడూ చేర్చాం. కార్యదర్శికి రేపు చూపిస్తాం, సోమవారం పొద్దున కలెక్టరేట్‌లో ఇస్తాం. భాయ్, ఇండ్ల జాబితా ఆదివారానికి తయారవుతుంది. ఏ ఇంటి రేకు ఎంత పాతదో మీరొకసారి వచ్చి చూస్తే, పలకలు ఎన్ని కావాలో అదే రోజు తేల్చుకుందాం.